రాయి ఉన్నంతకాలం ఇన్‌ఫెక్షన్ వదలదు

మూత్రంలో మంట. కల్చర్ (ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే పరీక్ష) చేయించి యాంటీబయాటిక్ వాడితే తగ్గింది. నెల తిరక్కుండానే మళ్లీ మంట, మళ్లీ అదే బ్యాక్టీరియా. ఇలా పదే పదే జరుగుతుంటే కిడ్నీలో రాయి ఉందేమో చూడాలి.

కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వి. స్ట్రువైట్ (మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడేది) సంగతి వేరు. అది ఇన్‌ఫెక్షన్ వల్లే పుడుతుంది. ప్రోటియస్, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా యూరియేజ్ (యూరియాను విడగొట్టే ఎంజైమ్) తయారుచేస్తాయి. దాంతో మూత్రంలోని యూరియా అమ్మోనియాగా మారుతుంది. మూత్రానికి క్షారగుణం వస్తుంది. పీహెచ్ 7 దాటాక ఈ లవణాలు కరిగి ఉండలేక గడ్డకడతాయి. కొన్ని వారాల్లో, నెలల్లోనే రాయి కిడ్నీ లోపలి గదుల్లోకి పాకి దుప్పికొమ్ములా తయారవుతుంది. డాక్టర్లు స్టాగ్‌హార్న్ అనేది దీన్నే. అంత పెద్దది కదలదు. అందుకే చాలామందికి మెలిపెట్టే నొప్పి రాదు, అనుమానమూ రాదు.

మాత్రలతో ఎందుకు పోదు? బ్యాక్టీరియా రాయి పొరల్లోనే ఉంటాయి. మందు అక్కడిదాకా చేరదు. కాబట్టి రాయిని మొత్తంగా తీసేయాలి. పెద్ద రాయికి సాధారణంగా పీసీఎన్ఎల్ (వీపు వైపు చిన్న రంధ్రం చేసి, రాయిని పగలగొట్టి ముక్కలు తీయడం) చేస్తారు. 1976లో ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ అనే స్వీడన్ వైద్యులు ఈ దారి చూపారు. రాయి పగిలినప్పుడు లోపలి బ్యాక్టీరియా రక్తంలోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. తీసిన ముక్కనూ కల్చర్‌కు పంపడం మంచిది. మూత్రంలో దొరకని బ్యాక్టీరియా అందులో దొరకవచ్చు.

చలిజ్వరం వచ్చి, రాయి మూత్రం దారిని మూసేస్తే అది అత్యవసర పరిస్థితి. అప్పుడు రాయి జోలికి పోరు. ముందు మూత్రనాళంలో స్టెంటో, వీపు నుంచి గొట్టమో వేసి చెడిన మూత్రాన్ని బయటికి పంపుతారు. రాయి సంగతి ఇన్‌ఫెక్షన్ అణిగాకే.

మంట అనగానే మందుల షాపులో ఇచ్చే సిరప్ చాలావరకు మూత్రాన్ని క్షారంగా మార్చేదే. యూరిక్ యాసిడ్ రాయికి ఆ గుణం మేలు చేస్తుంది. స్ట్రువైట్ ఉన్నవారిలో మూత్రం అప్పటికే క్షారంగా ఉంటుంది, కాబట్టి ఆ సిరప్ పనికిరాదు. అలాగే రాయి కరుగుతుందని కొండపిండి ఆకు కషాయం, అరటి దూట రసం తాగుతూ నెలలు గడిపేస్తే ఆలోగా కిడ్నీయే దెబ్బతినవచ్చు.

ఆపరేషన్ తట్టుకోలేనివారికి యూరియేజ్‌ను అడ్డుకునే అసిటోహైడ్రాక్సమిక్ యాసిడ్ ఉంది. కానీ వణుకు, రక్తం గడ్డకట్టడం లాంటి దుష్ఫలితాల వల్ల డాక్టర్లు దాన్ని అరుదుగానే వాడతారు. ఆపరేషన్ అయినవారు మాత్రం స్కానింగ్, మూత్ర పరీక్షలు మానకూడదు. లోపల చిన్న ముక్క మిగిలినా దాని చుట్టూ కొత్త రాయి పెరగవచ్చు.