ఆసుపత్రిలో తొందరపడి చెప్పిన మాట

నేను వకీలును కాను, వైద్యుణ్ణీ కాను. బి.కాం. చదివి ముప్పై ఏళ్లుగా బ్యాంకులో కాగితాలు చూస్తున్నవాణ్ణి. అయినా ప్రమాద నష్టపరిహారం గురించి నాలుగు మాటలు రాయడానికి కారణం, ఒకనాడు నేను తొందరపడి అన్న మాటే.

2018లో ఇక్కడి చూళైలో మా బావమరిది స్కూటరును వెనుకనుంచి ఒక వ్యాను గుద్దింది. కుడి మోచేతి ఎముకలు విరిగాయి. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, కంగారులో "స్కూటరు మీదనుంచి పడ్డాడండీ" అన్నాను. ఆయన యాక్సిడెంట్ రిజిస్టరులో అదే రాసుకున్నారు. "పోలీసుల గొడవ తరువాత చూద్దాం బావా, ముందు చెయ్యి బాగుపడనీ" అన్నాడతను. ఫిర్యాదు ఇచ్చేసరికి అయిదు రోజులైంది.

హైకోర్టు ఆవరణలోని స్మాల్ కాజెస్ కోర్టులో, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు కేసు విచారణకు వచ్చింది. బీమా కంపెనీ వకీలు ఆ రిజిస్టరు నకలు చూపించి, "తనంతట తానే పడ్డాడు, వ్యాను ప్రసక్తే లేదు" అని వాదించాడు. బోనెక్కి ఆ మాట నాదేనని ఒప్పుకున్నాను. కళ్లారా చూసిన ఆటో డ్రైవరు సాక్ష్యం, పోలీసుల ఛార్జిషీటు మమ్మల్ని గట్టెక్కించాయి. ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన క్లెయిము కొట్టివేయరాదని 2011లో సుప్రీం కోర్టు చెప్పి ఉండటమూ కలిసివచ్చింది.

తరువాతి చిక్కు శాతం దగ్గర. వైకల్య ధ్రువపత్రంలో 30 శాతం అని ఉంది. మా బావమరిది దర్జీ. మోచెయ్యి వంగకపోతే కత్తెర ఆడదు. శరీరానికి కలిగిన వైకల్యం వేరు, సంపాదనకు కలిగిన నష్టం వేరని సుప్రీం కోర్టు 2010లో స్పష్టం చేసింది. ఎడమచెయ్యి పోతే వడ్రంగికి బతుకుతెరువే పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలవవచ్చు. వైకల్యాన్ని డాక్టరు చెబుతారు, నష్టాన్ని ట్రిబ్యునల్ తేలుస్తుంది. అందుకే ఒక్క సర్టిఫికెట్టు చాలదు, డాక్టరు సాక్ష్యమూ కావాలి.

లెక్క చూడండి. నెలకు 12,000 రూపాయల ఆదాయం, 42 ఏళ్ల వయసు. 2009 నాటి సుప్రీం కోర్టు పట్టిక ప్రకారం ఆ వయసుకు గుణకం 14. మొత్తం 20,16,000. అందులో 30 శాతమైతే 6,04,800. వైద్యం చేసిన డాక్టరు వచ్చి, ఆ చెయ్యి ఏ పని చేయగలదో, ఏది చేయలేదో వివరించాక ట్రిబ్యునల్ 50 శాతంగా తీసుకుంది. అంటే 10,08,000. వైద్యఖర్చులు, పడిన బాధకిచ్చే పరిహారం వగైరా వేరు.

అందులో కొంత మొత్తం కోర్టు ఆదేశం మేరకు బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టు అయింది. అటువంటి డిపాజిట్ల వడ్డీ కోసం మా కౌంటరుకు వచ్చేవారిని ఏళ్ల తరబడి చూశాను. ఒక్కొక్క రశీదు వెనుక ఒక చెయ్యో, కాలో ఉందని అప్పుడు గానీ నాకు తట్టలేదు.

కనుక ఆసుపత్రిలో ఏ బండి, ఎటునుంచి గుద్దిందో చెప్పండి. ఏం రాశారో చదివించుకోండి. ఫిర్యాదు వెంటనే ఇవ్వండి. బిల్లులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం ఒకే కవరులో దాచండి. 2022 ఏప్రిల్ 1 తరువాతి ప్రమాదాలకు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. ఊరికి వెళుతూ నాయుడుపేట దగ్గర దెబ్బ తగిలినా, చెన్నైవాసులు ఇక్కడే కేసు వేసుకోవచ్చు.

మా బావమరిది ఇప్పుడు దుకాణంలో కూర్చుని కొలతలు చెబుతుంటే, మా చెల్లెమ్మ గుడ్డ కత్తిరిస్తుంది. వెళ్లినప్పుడల్లా నవ్వుతూనే పలకరిస్తాడు. నాకు మాత్రం ముందు ఆ మోచెయ్యే కనబడుతుంది.