చివరి మడి దాకా

మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం నిజామాబాదు, బోధన్ ప్రాంతాల రూపురేఖలను మార్చివేసింది. మెట్టనేలలు మాగాణులయ్యాయి. కాలువల వెంబడి చెరుకుతోటలు విస్తరించాయి. ఆ చెరుకును నమ్ముకొని 1937లో బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. 2015లో మూతపడేవరకు ఎన్నో కుటుంబాలకు అది అన్నం పెట్టింది. అయితే ఈ ప్రాంతపు రైతును పలకరిస్తే జలాశయపు వైభవాన్ని గురించి ఎక్కువగా చెప్పడు. తూము ఎత్తిన తరువాత నీరు ప్రధాన కాలువ నుండి పిల్లకాలువకు, పిల్లకాలువ నుండి తన మడికి చేరిందా లేదా అన్నదే అతనికి ముఖ్యం. ఆయకట్టు మొదట ఉన్నవారికి పుష్కలంగా అందిన నీరు చివరనున్నవారికి చుక్కయినా అందకపోవచ్చు.

ఆటిజం గల పిల్లల కుటుంబాలకు సమాజం అందించే ఆసరాను కూడా ఈ కొలతతోనే కొలవాలి. చట్టాలున్నాయి, సంస్థలున్నాయి, పథకాలున్నాయి. అవి చివరి ఇంటి గడప దాకా చేరుతున్నాయా అన్నదే ప్రశ్న.

బోధన్ పరిసరాల్లోని ఒక పల్లెటూరి ఇంటిని ఊహించుకొందాం. తండ్రి బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశానికి వెళ్ళాడు. తల్లి ఒడిలో చేట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. మూడేళ్ళ కొడుకు ఒక మూలన కూర్చొని బొమ్మబండిని తలక్రిందులు చేసి, దాని చక్రాన్ని గంటల తరబడి తిప్పుతున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కావలసిన వస్తువును వేలితో చూపడు. తల్లి చేయి పట్టుకొని అక్కడికి లాక్కొని పోతాడు. కుక్కర్ కూత వినబడగానే రెండు చెవులూ మూసుకొని ఏడుస్తాడు. రెండేళ్ళ వయసులో వచ్చిన నాలుగు మాటలూ ఇప్పుడు వినబడడం లేదు. "మొగపిల్లలకు మాట ఆలస్యంగనే వస్తది, వాని నాయినకు గూడ అట్లనే వచ్చింది" అని అత్త ధైర్యం చెబుతుంది. ఏడాది గడుస్తుంది. అప్పుడు అదే నోరు "పిల్లగాన్ని సరిగ్గ పెంచలే" అంటుంది. ఆ తల్లి పెళ్ళిళ్ళకు, పండుగలకు వెళ్ళడం మానుకొంటుంది. బిడ్డ సంగతి ఇంటిగుట్టుగా మారుతుంది. విలువైన కాలం చేజారిపోతుంది.

ఈ స్థితికి పేరు ఆటిజం. 'తాను' అనే అర్థం గల గ్రీకు పదం నుండి ఈ మాట పుట్టింది. స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ దీనిని తొలుత మరొక మానసిక వ్యాధి లక్షణాన్ని సూచించడానికి వాడాడు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి, ఈ లక్షణాలను ఒక ప్రత్యేక స్థితిగా వర్ణించాడు. ఇది అంటువ్యాధి కాదు. మందుబిళ్ళతో కుదిరే జబ్బు కూడా కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఏర్పడే ఒక తేడా. ఇతరులతో మాట కలపడంలో, చూపు కలపడంలో, ఎదుటివారి భావాన్ని గ్రహించడంలో ఇబ్బంది కలుగుతుంది. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం, నిత్యక్రమంలో చిన్న మార్పునైనా సహించలేకపోవడం, శబ్దానికి, వెలుతురుకు, స్పర్శకు అతిగానో అతి తక్కువగానో స్పందించడం దీని ఇతర లక్షణాలు. అందరిలోనూ ఇవి ఒకే మోతాదులో ఉండవు. ఒకరు జీవితాంతం ఇతరుల సాయంతో బ్రతకవలసి రావచ్చు. మరొకరు ఉన్నత విద్య నభ్యసించి ఉద్యోగం చేయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో దాదాపు 127 మందికి ఒకరు ఆటిజం గలవారు.

దీనికి తల్లిదండ్రుల పెంపకం కారణం కాదు. ఈ సత్యాన్ని అంగీకరించడానికి వైద్యలోకానికే చాలా కాలం పట్టింది. తల్లి ప్రేమలేమి వలననే బిడ్డ ఇట్లా తనలోకి ముడుచుకొని పోతాడనే వాదం పాశ్చాత్య దేశాల్లో కొన్ని దశాబ్దాలు చెలామణి అయింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన పుస్తకం ఆ వాదానికి విస్తృత ప్రచారం కల్పించింది. బిడ్డ కోసం నిద్రాహారాలు మానిన తల్లులే దోషులుగా నిలబడవలసి వచ్చింది. ఆటిజం గల కుమారునికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, ఇది జీవసంబంధమైన కారణాల వలన కలిగే స్థితి అని సప్రమాణంగా వాదించాడు. తరువాతి పరిశోధనలు ఆయన వాదాన్నే బలపరచాయి. టీకాల వలన ఆటిజం వస్తుందని 1998లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధన పత్రాన్ని కూడా, అది దోషభూయిష్ఠమని తేలడంతో, ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకొన్నది. నిజామాబాదు వంటి సరిహద్దు జిల్లాలో తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసి వినిపించే ఇళ్ళు ఎక్కువ. భాషలు ఎక్కువైనందువలననే బిడ్డకు మాట రాలేదని కొందరు భావిస్తారు. ఇంట్లో రెండు మూడు భాషలు మాట్లాడడం ఆటిజానికి కారణం కానే కాదు.

నింద భరించిన తల్లిదండ్రులే అనంతరకాలంలో సంఘాలు కట్టి దారి చూపారు. 1962లో లండన్‌లో, 1965లో అమెరికాలో తల్లిదండ్రుల చొరవతో జాతీయస్థాయి సంస్థలు ఏర్పడ్డాయి. మనదేశంలో మేరీ బారువా అనే మాతృమూర్తి 1991లో ఢిల్లీలో 'యాక్షన్ ఫర్ ఆటిజం' సంస్థను స్థాపించారు. తెలుగునేలపై సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ నెలకొన్నది. తరువాతి కాలంలో దాని పేరు మారింది. మన దేశపు పిల్లలకు అనువుగా, 40 అంశాలతో ఆటిజం తీవ్రతను అంచనా వేసే కొలమానాన్ని ఈ సంస్థే రూపొందించింది.

చట్టాలు కూడా క్రమంగా కన్ను తెరిచాయి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉన్నాయి. వాటిలో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజాన్ని పేర్కొన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో దానిని చేర్చింది. ఆ చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు దగ్గరి పాఠశాలలో గాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కు ఉన్నది. నేషనల్ ట్రస్టువారి 'నిరామయ' బీమా ద్వారా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య, చికిత్సా వ్యయం లభిస్తుంది. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగింది.

ఇదంతా జలాశయంలోని నీరు. మడి వరకు చేరవలసిన దారి వేరుగా ఉన్నది. బోధన్ నుండి సికింద్రాబాదుకు వెళ్ళి రావడమంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవడం, శబ్దాన్ని సహించలేని పిల్లవానిని గంటల తరబడి బస్సులో కూర్చోబెట్టడం. వారం వారం అట్లా వెళ్ళడం బీడీలు చుట్టే తల్లికి సాధ్యం కాదు. కాబట్టి పిల్లకాలువలే ఆధారం. మొదటి పిల్లకాలువ అంగన్‌వాడీ. బిడ్డ పేరుకు పలకకపోవడాన్ని, తోటిపిల్లలతో కలవకపోవడాన్ని అక్కడి టీచరు గుర్తించగలదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో భాగంగా అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే వైద్యబృందాలు పరీక్షించవలసిన వాటిలో ఆటిజం కూడా ఉన్నది. అవసరమైన పిల్లలను జిల్లాస్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపవలసిన బాధ్యత వారిదే. మండలాల్లోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు శిక్షణ నిస్తాయి. బడికి రాలేని వారి ఇళ్ళకే ఉపాధ్యాయులు వెళ్ళే పద్ధతి కూడా ఉన్నది.

నిపుణులు కొరవడిన చోట ఏమి చేయాలన్న ప్రశ్నకు ఒక ఆశాజనకమైన సమాధానం దొరికింది. మనదేశంలోని గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2016లో వెలువడ్డాయి. వైద్యులు కాని సామాన్య కార్యకర్తలకు శిక్షణనిచ్చి కుటుంబాల వద్దకు పంపారు. తల్లి బిడ్డతో ఆడుకొంటుండగా కార్యకర్త వీడియో తీసి, ఆ తరువాత ఇద్దరూ కూర్చొని దానిని చూసేవారు. బిడ్డ ఎప్పుడు చూపు తిప్పాడు, ఎప్పుడు చిరునవ్వు నవ్వాడు, ఆ క్షణంలో తల్లి ఎట్లా స్పందించింది అన్నది తల్లే గమనించి నేర్చుకొనేది. ఇట్లా శిక్షణ పొందిన కుటుంబాల్లో తల్లిదండ్రుల స్పందన మెరుగుపడింది. పిల్లలు తామే ముందుగా పలకరించడం పెరిగింది. అన్ని అంశాల్లోనూ మేలు కనబడలేదు. అయినా ఒక విషయం స్పష్టమైంది. నగరంలోని నిపుణుని విద్యలో కొంత భాగాన్ని పల్లెలోని కార్యకర్త మోసుకొని రాగలదు.

ప్రభుత్వం చేయవలసినదొకటి, ఇరుగుపొరుగు చేయవలసినది మరొకటి. భాగవత పంచమస్కంధంలోని జడభరతుని కథ ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. రహూగణ మహారాజు పల్లకిని మోయడానికి అతనిని పట్టుకొచ్చారు. క్రింద ప్రాకే జీవులను తొక్కకుండా అతడు చూచి చూచి అడుగులు వేయగా పల్లకి ఊగింది. రాజు ఆ ఊపును చూసి ఎగతాళి చేశాడే గాని, దాని వెనుక కారణమున్నదని తలచలేదు. జడభరతుని మౌనం జ్ఞాని కోరి వహించిన మౌనం. దానికి ఆటిజంతో సంబంధం లేదు. రాజు చేసిన పొరపాటునే లోకం నేటికీ చేస్తున్నది. పెళ్ళిపందిరిలో పిల్లవాడు కేకలు పెడితే అది మొండితనమని తీర్పు చెబుతుంది; బ్యాండుమేళం అతని చెవులకు సమ్మెటపోటుగా ఉన్నదేమో అని ఆలోచించదు.

ఆలోచించే ఊరు చేయగలిగిన పనులు చిన్నవే. బతుకమ్మ ఆటలో డప్పులకు కొంచెం దూరంగా ఆ తల్లీబిడ్డలకు ఒక చోటు చూపవచ్చు. బడిలో ఆ రోజు జరుగబోయే పనులను బొమ్మల వరుసగా గోడపై అతికించవచ్చు; తరువాత ఏమి జరుగుతుందో తెలిస్తే బిడ్డ కలత తగ్గుతుంది. పొరుగింటి వారు వారానికి ఒక్క పూట ఆ బిడ్డను కనిపెట్టుకొని ఉంటే తల్లికి ఊపిరి పీల్చుకొనే వ్యవధి దొరుకుతుంది. పొదుపు సంఘాలుగా కూడిన మహిళలకు ఇటువంటి తల్లుల సంఘాన్ని కూడగట్టడం కష్టం కాదు. ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలో, పింఛనుకు ఎవరిని కలవాలో అనుభవమున్న ఒక తల్లి మరొక తల్లికి చెప్పినంత తేటగా ఏ కరపత్రమూ చెప్పలేదు.

బిడ్డ పెద్దవాడయ్యే కొద్దీ ప్రతి తల్లినీ ఒక ప్రశ్న వేధిస్తుంది: "నేను పోయినంక వీనికి ఎవరు దిక్కు?" నేషనల్ ట్రస్టు చట్టం దీనికి కొంత సమాధానమిచ్చింది. జిల్లా అధికారి, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వికలాంగుల ప్రతినిధి సభ్యులుగా గల స్థానిక సంఘం, పెద్దవారైన అట్టి వ్యక్తులకు చట్టబద్ధమైన సంరక్షకుని నియమించగలదు. కాని కాగితంపై పేరున్న సంరక్షకుడు ఒక్కడే చాలడు. ఆ బిడ్డను పేరు పెట్టి పలకరించే ఊరు కూడా కావాలి.

నిజాంసాగర్ చివరి ఆయకట్టుకు నీరందడం లేదని గ్రహించిన తరువాత, ఆ భూములు చేసుకొన్న పాపమని వాటిని ఎవరూ వదిలివేయలేదు. అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు నిర్మించి గోదావరి నీటిని పైకెత్తి ఆ మళ్ళకు పారించారు. పొలం విషయంలో చూపిన ఆ వివేకాన్ని బిడ్డల విషయంలోనూ చూపవలసి ఉన్నది. మీ వీధిలో మాట రాని ఒక పిల్లవాడు చక్రం తిప్పుతూ కూర్చొని ఉండవచ్చు. జాలిపడి దాటిపోకుండా, కాసేపు అతని పక్కన కూర్చొని ఆ చక్రాన్ని మీరూ తిప్పి చూడండి. ఇంటికి తిరిగి వచ్చేముందు, భవిత కేంద్రం ఎక్కడున్నదో అతని తల్లికి చెప్పి రండి.