పాత ట్రాక్టరుకు బీమా: విలువ మీరే అడిగి రాయించండి

మీ ట్రాక్టరుకు పన్నెండేళ్లు నిండాయనుకుందాం. వేళకు ఆయిలు మార్చారు, నిరుడు ఇంజను బోరు చేయించారు, వెనక టైర్లు కొత్తవి వేశారు. ఇవాళ అమ్మకానికి పెడితే మూడు లక్షలకు కళ్లకద్దుకుని తోలుకుపోతారు. మరి బీమా కాగితంలో దాని విలువ ఎంతని రాసి ఉందో ఎప్పుడైనా చూశారా? బీరువాలోంచి తీసి చూడండి. 'ఐడీవీ' అన్న గడిలో ఉన్న అంకె అదే. బండి దొంగలపాలైనా, బాగు చేయడానికి వీల్లేనంతగా దెబ్బతిన్నా కంపెనీ ఇచ్చే సొమ్ముకు అదే హద్దు.

ఐదేళ్లు దాటితే బేరమే

కొత్త బండ్లకు ఈ విలువ కట్టే పట్టిక ఉంది. వయసును బట్టి ధరలో 5 శాతంతో మొదలై, ఐదో ఏడు వచ్చేసరికి 50 శాతం తగ్గిస్తారు. అక్కడితో పట్టిక సరి. 2002 నాటి మోటారు టారిఫ్ ప్రకారం ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఖాయం చేసుకోవాలి. అంటే మీ మాటకూ చోటుంది. కానీ మనం 'నిరుటిలాగే కట్టెయ్ బాబూ' అనేసి వచ్చేస్తాం.

తక్కువ రాయిస్తే ఏమవుతుంది?

మూడు లక్షల బండికి 1,20,000 రూపాయలే రాశారనుకోండి. కాలవలో బోల్తా పడింది, బాగుచేతకు 95,000 అవుతుందని సర్వేయరు తేల్చాడు. ఖర్చు ఐడీవీలో 75 శాతం, అంటే 90,000 దాటింది కాబట్టి బండి పూర్తిగా పోయినట్టే లెక్క. లక్ష చిల్లర చేతిలో పెడతారు. ఆ డబ్బుకు అలాంటి బండి ఎక్కడ దొరుకుతుంది? అదే 2,80,000 రాయించి ఉంటే బండి బాగుపడి ఇంటికొచ్చేది.

అయితే ఒక మాట. బాగుచేత బిల్లు మొత్తం కంపెనీయే కట్టదు. సాధారణ పాలసీలో పదేళ్లు దాటిన బండికి మార్చిన ఇనుప భాగాలపై సగం కోస్తారు. టైర్లు, బ్యాటరీలకూ సగమే. కూలీకి ఈ కోత ఉండదు.

విలువ పెంచితే ప్రీమియం మోయలేనంత పెరుగుతుందని జంకకండి. ఎదుటివారి నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియానికీ ఐడీవీకీ సంబంధం లేదు. సొంత బండి నష్టానికి కట్టే భాగమే పెరుగుతుంది. రెండు విలువలకూ ప్రీమియం ఎంతో ఏజెంటు చేత కాగితం మీద రాయించుకుని పోల్చుకోండి. అలాగని ఐదు లక్షలని రాయించినా లాభం లేదు. ప్రీమియం దండగ, రేపు సర్వేయరుతో పేచీ.

ఏం చేయాలి?

• గడువుకు పదిహేను రోజుల ముందే కదలండి. గడువు దాటి 90 రోజులైతే, క్లెయిము లేనందుకు వచ్చే రాయితీ పోతుంది.

• ఇంజను పని, టైర్ల బిల్లులు దాచండి. బండి నాలుగు వైపులా, మీటరు, ఛాసిస్ నంబరు ఫొటోలు తీయించండి. మీ ప్రాంతంలో అలాంటి బండి ఎంతకు పోతోందో డీలరు దగ్గర రాయించుకోండి. వీటితో కోరిన విలువను లిఖితంగా అడగండి.

• ఇంజను మార్చి ఉంటే ఆర్.సి.లో ఎక్కించండి. నంబరు కలవకపోతే క్లెయిముకు చిక్కే.

• ట్రాలీకి విలువ విడిగా రాయించాలి. ట్రాక్టరు పాలసీ ఉంటే చాలనుకోకండి.

• అప్పు తీరిందా? ఆర్.సి.లోనూ పాలసీలోనూ బ్యాంకు పేరు తీయించండి. లేకుంటే పరిహారం మీ చేతికి రావడానికి బ్యాంకు చుట్టూ తిరగాలి.

• వ్యవసాయానికని రాయించి కంకర కిరాయికి తోలినా, ట్రాలీలో పెళ్లి జనాన్ని ఎక్కించినా ఎంత విలువ రాయించీ ఫలం లేదు.

న్యాయమైన క్లెయిము తోసేస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుమేమీ లేదు, వకీలు అక్కర్లేదు. కొత్త పాలసీ చేతికి రాగానే మాత్రం ఐడీవీ గడి, ఇంజను నంబరు అక్కడే నిలబడి చదువుకోండి. తప్పుంటే అప్పుడే దిద్దించుకోవడం తేలిక.