గబ్బిలముతో కబురంపిన కవి

హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలు విని కంటతడి పెట్టని పల్లె ఉందా? రంగస్థలం మీద మారుమ్రోగిన ఆ శ్మశాన పద్యాలు గుఱ్ఱం జాషువా గారివి.

ఆయన 1895లో వినుకొండలో జన్మించారు. తండ్రి యాదవులు, తల్లి మాదిగ, క్రైస్తవ కుటుంబము. పద్యం ఎంత తియ్యగా చెప్పినా, "నీదే కులం?" అన్న ప్రశ్న ఆయనను వెంటాడింది. పొట్టకూటికి రాజమండ్రిలో మూగ సినిమాల కథను ప్రేక్షకులకు చదివి వినిపించారు. తరువాత గుంటూరులో ఉపాధ్యాయులయ్యారు.

1941లో "గబ్బిలము" వెలువడింది. కాళిదాసు యక్షుడు మేఘముతో ప్రియురాలికి కబురంపాడు. జాషువా గారి పేదవాడు తన ఆకలిని, అవమానాన్ని గబ్బిలముతో శివునికి చెప్పిపంపాడు. గుడిలోనికి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది!

అవమానించిన లోకమే చివరకు తలవంచింది. బ్రాహ్మణ పండితులైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. "క్రీస్తు చరిత్ర" కావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానం, 1970లో పద్మభూషణ్ లభించాయి. 1971లో కన్నుమూశారు.

శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదని ఆయన వ్రాశారు. అయితే మన సమాధుల తోటలలోనే కొన్నిచోట్ల కులానికొక మూల ఉన్నది. కాపరులమైన మేము కూడా చూచి ఊరకున్నాము. జాషువా మనవాడని గర్వించే ముందు, ఆ మూలల మధ్య గట్లు తీసివేద్దామా?