తాతగారి పేరు ఏ పుస్తకంలో ఉంటుంది?

ఆస్తి పంపకాలకో, అమెరికాలో ఉన్న మనవడు వంశవృక్షం గీస్తున్నాడనో తాతముత్తాతల వివరాలు కావాల్సి వస్తే, తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు క్రైస్తవ కుటుంబాలు ముందు చర్చికే వెళతాయి. అక్కడి పాత రిజిస్టరు ఏం చెబుతుందన్నది అది ఏ సంఘానిదన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే.

హయ్యర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ 1842 జులై 31న గుంటూరు చేరాడు. ఆ మిషన్ తెనాలి, రేపల్లె పల్లెలకూ పాకి, 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏఈఎల్‌సీ)గా సొంత సంఘమైంది. బాపట్లలో 1883లో అమెరికన్ బాప్టిస్టులు కేంద్రం పెట్టారు. లూథరన్లు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. కాబట్టి క్రైస్తవ ఇంట్లో పుట్టిన బిడ్డ బాప్తిస్మపు తేదీ పుట్టిన తేదీకి దగ్గర్లోనే ఉంటుంది. బాప్టిస్టులు అలా కాదు, మనిషి తానే విశ్వాసం ఒప్పుకున్నాక నీళ్లలో ముంచి ఇస్తారు. అంటే ఆ తేదీని బట్టి వయసు లెక్కకడితే పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో తేడా రావచ్చు. పెద్దయ్యాక మతం మారినవాళ్ల విషయంలో లూథరన్ పుస్తకంతోనూ ఇదే చిక్కు.

నా మట్టుకు పెళ్లి రిజిస్టరే అన్నిటికంటే విలువైనది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం నమూనా ప్రకారం వధూవరుల పేర్లు, వయసు, అంతకుముందు పెళ్లయిందా లేదా, వృత్తి, ఉంటున్న ఊరు, తండ్రి పేరు రాస్తారు. కింద వధూవరుల, సాక్షుల సంతకాలు ఉంటాయి, చదువు రానివాళ్లయితే వేలిముద్రలు. కూలి చేసుకు బతికిన మనిషి తండ్రి పేరు, ఊరు, వృత్తి ఒకే వరసలో రాసి ఉండే కాగితం ఆ కాలంలో ఇంకెక్కడ దొరుకుతుంది? భూమి లేనివాడు పట్టాకెక్కడు కదా! పైగా పెళ్లి వివరాల నకలు ప్రభుత్వ రిజిస్ట్రారుకు పంపాలన్న నియమం ఉంది. చర్చిలో పుస్తకం చెదలు తినేసినా అక్కడ అడిగి చూడొచ్చు.

పేర్లు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. బాప్తిస్మంలో పెట్టిన పేరు ఒకటి, వాడుక పేరు ఇంకొకటి, బడిలో రాయించింది మరొకటి కావచ్చు. దీనికి భక్తి ఒక్కటే కారణం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డ్ కులాల జాబితాకు వెలుపల ఉంచింది. మన రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ కిందికి వస్తారు. అందుకే చర్చి పుస్తకంలో పేరు ఉండటమే చిక్కనుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ రిజిస్టర్లలో ఖాళీలు కనిపిస్తే గుమాస్తా బద్ధకమని తేల్చేయడం తొందరపాటు.

తాతగారు పాస్టరైతే వెతకాల్సిన చోటు వేరు. బాప్టిస్టుల సెమినరీ రామాయపట్నంలో 1872లో మొదలైంది. లూథరన్లది రాజమండ్రి లూథర్‌గిరి. 1964లో కొన్ని సంఘాలు కలిసి అదే రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టాయి, తర్వాత అది హైదరాబాదుకు మారింది. మిషనరీలు రాసి పంపిన ఉత్తరాలు, నివేదికలు సముద్రం దాటిపోయాయి. బాప్టిస్టులవి అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో అడగాలి. వాటిలో దొరగారి పర్యటన వివరంగా ఉంటుంది కానీ, ఊరూరా తిరిగి బైబిలు బోధించిన ‘బైబిలు స్త్రీ’ పేరు దొరకడం కష్టం. ఆమె ఎక్కడైనా ఉంటే పల్లె సంఘపు మినిట్సులోనో, చందాల పద్దులోనో ఉంటుంది. ఆ పద్దులనే పనికిరాని కాగితాలని ముందు పారేస్తారు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ తీరాన్ని ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి సంఘ పెద్దలకు ఒక మనవి. పాస్టరుగారి ఎదుటే పుస్తకంలోని ప్రతి పేజీ ఫొటో తీయించండి, ఒక నకలు వేరే ఊళ్లో ఉంచండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. బతికున్నవాళ్ల వివరాలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.