గదికి ఒక్క రౌటర్ – ఏది కొనాలి?

మన హాస్టల్ నుంచి బయటికి వెళ్లిన వాళ్లలో చాలామందిమి చేసే మొదటి పని నగరంలో నలుగురైదుగురం కలిసి గది తీసుకోవడం. రెండో పని నెట్ కనెక్షన్ పెట్టించడం. అద్దె, గ్యాస్, బియ్యం లెక్కలు మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రౌటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం షాపువాడు చెప్పిందే వేదం అవుతుంది. ఆ లెక్క తెలియక మేము ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాం. రేపు గది తీసుకోబోయే తమ్ముళ్లకైనా పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము రెండు గదుల పోర్షన్‌లో ఏడుగురం ఉండేవాళ్లం. ఏడు ఫోన్లు, మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక పాత ట్యాబ్ కలిపి పదకొండు పరికరాలు. పగలంతా నెట్ బాగానే వచ్చేది. రాత్రి పది దాటితే పేజీ తెరుచుకునేది కాదు. మా తమ్ముడొకడు పీజీ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాల్సిన చివరి రోజు రాత్రి కూడా అంతే అయింది. చక్రం తిరుగుతూనే ఉంది, గడువు దగ్గర పడుతోంది. చివరికి కింది పోర్షన్ అన్న ఫోన్‌లో డేటా ఆన్ చేసి ఇస్తే, పది నిమిషాలు మిగిలి ఉండగా ఆప్షన్లు సేవ్ అయ్యాయి. మర్నాడే తలా 200 వేసుకొని 1,400 పెట్టి నాలుగు యాంటెన్నాల కొత్త రౌటర్ తెచ్చాం. ఆ రాత్రి పదింటికి మళ్లీ అదే చక్రం!

జబ్బు ఏమిటో చూడకుండా మందు కొన్నాం. అదే మేము చేసిన తప్పు.

వైఫై ఎలా పనిచేస్తుందో మన హాస్టల్ నల్లాతో పోల్చి చెప్పుకోవచ్చు. పొద్దున ఆరింటికి నల్లా దగ్గర అందరం వరుసలో నిలబడతాం, ఒకసారికి ఒకడే పడతాడు. వైఫై కూడా అంతే. ఒక ఛానల్‌లో ఒకసారికి ఒక్క పరికరమే మాట్లాడాలి, మిగతావి ఆగి వినాలి, ఖాళీ దొరికినప్పుడు తమ వంతు తీసుకోవాలి. బకెట్టుతో వచ్చినవాడు నల్లా పూర్తిగా తిప్పి నిమిషంలో నింపుకొని పోతాడు. సన్న మూతి సీసాతో వచ్చినవాడు సన్నగా తిప్పి అదే నీళ్లకు పది నిమిషాలు నిలబడతాడు. ఆ పది నిమిషాలూ వరుస మొత్తం ఆగినట్టే. పాత ల్యాప్‌టాప్, గోడల అవతల సిగ్నల్ సరిగా అందని ఫోన్ ఇలా సన్న మూతి సీసాల్లాంటివి. వాటి నెమ్మది వాటితోనే పోదు, అందరికీ అంటుతుంది.

కాబట్టి ‘ఈ రౌటర్‌కు ఎన్ని పరికరాలు కనెక్ట్ అవుతాయి?’ అని షాపులో అడగడం దండగ. మామూలు రౌటర్ కూడా 250 దాకా అడ్రసులు ఇవ్వగలదు. ఒకేసారి ఎందరికి వంతు త్వరగా వస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

కొనే ముందు మూడు పరీక్షలు చేయాలి. మొదట కంపెనీవాళ్లు పెట్టిన ఫైబర్ బాక్సు నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి వేగం చూడాలి. అక్కడే ప్లాన్ వేగం రాకపోతే రౌటర్ మార్చి లాభం లేదు, ఆపరేటర్‌కు ఫోన్ చేయాలి. రెండోది, రౌటర్ పక్కనే కూర్చొని వైఫైలో చూడాలి. మూడోది, వెనక గదిలో చూడాలి. పక్కన బాగుండి వెనక గదిలో పడిపోతే అది రౌటర్ పెట్టిన చోటు తప్పు. మూడు చోట్లా ఒక్కరే ఉన్నప్పుడు బాగుండి, అందరూ చేరగానే పడిపోతే అప్పుడు రౌటర్ గురించి ఆలోచించాలి.

మా రౌటర్ ముందు గదిలో ఇనుప బీరువా పైన, గోడ మూలకు ఉండేది. వెనక గదికీ దానికీ మధ్య రెండు గోడలు, ఒక నీళ్ల డ్రమ్ము. ఇనుము సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. పది మీటర్ల వైరు కొని రౌటర్‌ను రెండు గదుల మధ్య గుమ్మం పైకి మార్చాం. సగం బాధ అక్కడే తీరింది.

ఇక రెండు బ్యాండ్ల సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది. కానీ అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడు ఛానళ్లే. పోర్షన్‌కొక రౌటర్ ఉన్న వాడలో ఆ మూడింటినే అందరూ పంచుకోవాలి. అంటే పక్కింటి వాళ్లు కూడా మన నల్లా వరుసలోనే నిలబడినట్టు. 5 గిగాహెర్ట్జ్ గోడల దగ్గర తేలిపోతుంది గాని వేగం ఎక్కువ, ఛానళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగల 5 గిగాహెర్ట్జ్ పరిధిని 2018లో బాగా పెంచారు కూడా. మేము కొన్న నాలుగు యాంటెన్నాల రౌటర్‌లో 2.4 ఒక్కటే ఉంది. యాంటెన్నాలు లెక్కపెట్టాం గాని బ్యాండ్లు లెక్కపెట్టలేదు.

పెట్టె మీది అంకెలతో కూడా జాగ్రత్త. ‘ఎసి1200’ అంటే 5 గిగాహెర్ట్జ్‌లో 867, 2.4లో 300 కలిపి, పైకి సవరించి వేసిన అంకె. ఏ ఒక్క ఫోన్‌కూ ఆ 1200 రాదు. 867 కూడా కాగితం మీది లెక్కే, చేతికి అందేది దాదాపు సగం. మన ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయితే ఎంత పెద్ద రౌటర్ పెట్టినా బయటి నుంచి వచ్చేది ఆ 100 మాత్రమే. అది తక్కువేమీ కాదు. మంచి నాణ్యత గల వీడియోకు 5 ఎంబీపీఎస్ సరిపోతుంది, ఏడుగురం ఒకేసారి చూసినా 35. ప్లాన్ పెంచమని ఒత్తిడి చేసేవాళ్లకు ముందు ఈ లెక్క చూపించండి.

వెనకవైపు పోర్టులు తప్పక చూడాలి. ‘10/100’ అని ఉంటే వైరు గుండా 100 దాటి రాదు. ‘గిగాబిట్’ అని ఉన్నదే తీసుకోవాలి. ఎసి1200 అని రాసి ఉండి లోపల 10/100 పోర్టులు పెట్టినవి ఉన్నాయి. వైరులో కూడా ఎనిమిది తీగలూ ఉండాలి, నాలుగు తీగలతో గిగాబిట్ రాదు.

వైఫై 6 అవసరమా అని చాలామంది అడుగుతున్నారు. 2019లో సర్టిఫికెట్లు మొదలైన ఈ రకంలో మనకు పనికొచ్చే మార్పు ఒకటుంది. అంతవరకు మెస్సులో ఒక్కొక్క కంచం విడిగా తెచ్చి వడ్డించినట్టు ఉండేది, ఇందులో ఒకే ట్రిప్పులో నలుగురి కంచాలు తేవచ్చు. చిన్న చిన్న మెసేజీలు, పేజీలు ఎక్కువగా తిరిగే మన గదుల్లాంటి చోట్ల అది మేలు. అయితే ఫోన్‌లో కూడా వైఫై 6 ఉంటేనే ఆ లాభం. మా ఏడు ఫోన్లలో రెండింటికే ఉంది. అందుకే మా అభిప్రాయం ఇది: బడ్జెట్ తక్కువే అయితే ఎసి1200, రెండు బ్యాండ్లు, గిగాబిట్ పోర్టులు ఉన్నది చాలు. టీపీ-లింక్ ఆర్చర్ సి6 అలాంటిదే. ఇంకాస్త వేయగలిగితే ఏఎక్స్1500 రకం. ఫోన్లు మారుతుంటాయి, రౌటర్ నాలుగైదేళ్లు ఉంటుంది. దాన్ని మించి ఖర్చు మన గదులకు దండగ.

కొన్నాక రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టండి. పాత ల్యాప్‌టాప్, ట్యాబ్ 2.4లో, మిగతావన్నీ 5లో. పాస్‌వర్డ్ మార్చడం చెప్పనక్కర్లేదనుకుంటాం.

ఇంతకీ రాత్రి పదింటి రహస్యం ఏమిటి? ఆ వేళకు అందరం ఫోన్లు ఛార్జింగ్‌కు పెడతాం. ఛార్జింగ్‌లో ఉండి వైఫై దొరకగానే ఫోటోలు, వీడియోలు వాటంతటవే ఆన్‌లైన్‌లోకి ఎక్కడం మొదలవుతుంది. ఏడు ఫోన్లు ఒక్కసారిగా పైకి పంపుతుంటే, పేజీ కావాలని అడిగే చిన్న కబురు కూడా ఆ వరుస వెనకే నిలబడాలి. బ్యాకప్‌ను వంతులవారీగా, తెల్లవారాక పెట్టుకున్నాం. రౌటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్ అని ఉంటుంది. అందులో అప్‌లోడ్‌ను అసలు వేగంలో తొంభై శాతానికి కుదించి పెడితే మిగతా వాళ్లకు దారి దొరుకుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

కరెంటు పోయే చోట ఉంటే రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి చూడండి. రౌటర్‌కూ ఫైబర్ బాక్సుకూ రెండింటికీ కరెంటు అందాలి, ఒక్కటి వెలిగితే నెట్ రాదు. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది, అది చూసి దానికి తగ్గదే కొనాలి.

ఆ 1,400 రౌటర్‌ను పారేయలేదు. వైరుతో వెనక గదికి కలిపి, సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్‌గా మార్చాం. పాత ల్యాప్‌టాప్, ట్యాబ్ ఇప్పుడు దాని మీదే నడుస్తున్నాయి.