మూర్ఛవ్యాధి: మెదడు చిత్రమున దాగిన లోపము

మూర్ఛవ్యాధి దయ్యము పట్టుటవలన వచ్చునది కాదు, పూర్వజన్మ పాపఫలమును కాదు, అంటువ్యాధియును కాదు. అది మెదడునకు సంబంధించిన వ్యాధి. మెదడులోని నాడీకణములు స్వల్పమైన విద్యుత్ప్రేరణలతో పనిచేయుచుండును. అందు కొన్ని కణములు అదుపు తప్పి ఒక్కుమ్మడిగ విజృంభించినపుడు మూర్ఛ వచ్చును. ప్రపంచమున సుమారు 5 కోట్లమందికి ఈ వ్యాధి కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. తగిన వైద్యము లభించి, మందులను క్రమము తప్పక పుచ్చుకొన్నచో, వీరిలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరు.

మందులకు లొంగని మూర్ఛ

మిగిలినవారి మాట యేమి? తగిన మందులు రెండింటిని తగిన మోతాదులో వాడినను మూర్ఛలు ఆగనిచో, దానిని మందులకు లొంగని మూర్ఛ యందురు. ఇట్టివారు మందులు మార్చుకొనుచు ఏండ్లు గడుపుట తగదు. మూర్ఛ మెదడులో ఏ చోటనుండి పుట్టుచున్నదో వెదకింపవలెను. పిల్లలలో ఇట్టి మూర్ఛకు గల ముఖ్య కారణములలో నొకటి, మెదడు పైపొరయందు పుట్టుకతో ఏర్పడిన లోపము. శస్త్రచికిత్సలో తొలగించిన మెదడు భాగములను పరీక్షించి, 1971లో లండను వైద్యులు ఈ లోపమును స్పష్టముగ వర్ణించిరి.

లోపము ఎట్లు ఏర్పడును?

మెదడు పైపొర 2 మొదలు 4 మిల్లీమీటర్ల మందము మాత్రమే కలిగి, అనేకమైన ముడుతలు పడియుండును. శిశువు గర్భమునందున్నపుడు నాడీకణములు మెదడు లోపలి భాగమున పుట్టి, వెలుపలికి పయనించి, వరుసలుగ అమరును. ఒకానొకచోట ఈ అమరిక చెడినచో, నేతలో పోగులు చిక్కుపడినట్లు, కణముల వరుసలు తారుమారగును. ఆ చోటనుండి మూర్ఛ బయలుదేరును. ఇది గ్రహణ సమయమున తల్లి చేసిన పనివలన కలిగినది కాదు. తల్లిని నిందించుట అన్యాయము.

కంటికి అందనిది కొలతకు అందును

ఎం.ఆర్.ఐ. యంత్రము, ఎక్స్‌రే కిరణములతో పని లేకయే, అయస్కాంత శక్తితో మెదడు చిత్రములను తీయును. లోపమున్నచోట పైపొర కొంచెము దళసరిగ నుండవచ్చును; బూడిదరంగు పొరకును దాని క్రింది తెల్లని పదార్థమునకును నడిమి హద్దు మసకగ కన్పట్టవచ్చును. కాని లోపము చిన్నదై ముడుత అడుగున దాగియున్నచో, అనుభవజ్ఞుడైన నిపుణుని కంటికిని అందకపోవచ్చును. చిత్రము బాగున్నదని నివేదిక వచ్చినంతమాత్రమున లోపము లేదని నిశ్చయింపరాదు.

ఇచ్చట కంప్యూటరు తోడ్పడుచున్నది. అది మెదడు పైపొరను వేలకొలది బిందువులుగ విభజించి, ప్రతి బిందువునొద్ద మందమును, ముడుత లోతును, చిత్రములోని కాంతిని కొలుచును. ఆ కొలతలను ఆరోగ్యవంతుల కొలతలతోను, అదే మెదడు రెండవ ప్రక్క కొలతలతోను పోల్చి, తేడా గల చోటును చూపును. లండనులోని కింగ్స్ కాలేజి, యూనివర్సిటీ కాలేజి పరిశోధకులు 23 మూర్ఛవైద్య కేంద్రములనుండి 1,185 మంది చిత్రములను సేకరించి ఇట్టి సాధనమును రూపొందించిరి. 2025లో వెలువడిన వారి నివేదిక ప్రకారము, నిపుణుల దృష్టికి తప్పిపోయిన లోపములలో నూటికి 64 ఈ సాధనమునకు దొరకినవి.

అయినను యంత్రము చూపిన ప్రతి చోటును లోపము కాదు. ఒక్కొక్కప్పుడు అది ఆరోగ్యమైన భాగమును తప్పుగ చూపును. కొన్ని లోపములను విడిచిపెట్టును. గావున మూర్ఛ వచ్చు తీరు, మెదడు విద్యుత్ పరీక్షయగు ఇ.ఇ.జి., చిత్రము ఒకే చోటును సూచించుచున్నవా యని వైద్యులు విచారింతురు. అన్నియు సరిపడి, మాటకును కాలుసేతుల కదలికకును అవసరమైన భాగములకు హాని లేదని తేలినచో, లోపమున్న భాగమును శస్త్రచికిత్సచే తొలగింపవచ్చును. పలువురకు దీనివలన మూర్ఛలు ఆగిపోవును. అందరకును ఆగునని చెప్పజాలము. మన దేశమున న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, బెంగుళూరులోని నిమ్హాన్స్, తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలయందు ఇట్టి శస్త్రచికిత్స జరుగుచున్నది.

ప్రజలు చేయవలసినది

1. మూర్ఛ వచ్చిన తేదీని, వేళను, అది మొదలైన తీరును వ్రాసి యుంచవలెను. వీలైనచో ఫోనులో చిత్రీకరించి వైద్యునకు చూపవలెను.

2. పాత ఎం.ఆర్.ఐ. చిత్రములను పారవేయక భద్రపరచవలెను. వాటిని మరల పరిశీలించుటవలన ప్రయోజనము కలుగవచ్చును.

3. వైద్యుని సలహా లేక మందులు మానరాదు.

4. రెండు మందులు వాడినను మూర్ఛలు ఆగనిచో, మూర్ఛవైద్య నిపుణులున్న పెద్ద ఆసుపత్రికి పంపుమని వైద్యుని కోరవలెను.

పెండ్లి సంబంధము తప్పిపోవునను భయమున కొందరు ఈ వ్యాధిని దాచుచున్నారు. హిందూ వివాహ చట్టములో మూర్ఛవ్యాధిని గూర్చిన నిబంధనను 1999లోనే తొలగించిరి. చట్టము విడిచిన శంకను మనము పట్టుకొని యుండుట తగదు. దాచిన వ్యాధికి చికిత్స ఆలస్యమగును. వెల్లడించిన వ్యాధికి మార్గము దొరకును.